మీటర్ 1:1 చూపిస్తే సిగ్నల్ వెళ్తున్నట్టు కాదు

రేడియో సర్దుకుని కొండకో బీచ్‌కో బయల్దేరే కొత్త హ్యామ్‌లకి (సరదాకి రేడియో నడిపేవాళ్లకి) ఒక సలహా తెగ ఫార్వర్డ్ అవుతోంది: "ఎండ్-ఫెడ్ వైరుకి కౌంటర్‌పాయిజ్ అక్కర్లేదు. వైరు కట్టే ఓపిక లేకపోతే కాయిల్ ఉన్న విప్ చాలు, డైపోల్‌కి తీసిపోదు. ఎస్‌డబ్ల్యుఆర్ 1:1 వస్తే ఇంకేం చూడక్కర్లేదు." (ఎండ్-ఫెడ్ అంటే ఒక చివర్నుంచి సిగ్నల్ ఇచ్చే యాంటెన్నా వైరు; కౌంటర్‌పాయిజ్ అంటే తిరుగు కరెంటుకి దారిచ్చే వైరు; విప్ అంటే నిలువు కడ్డీ; డైపోల్ అంటే నడిమి నుంచి సిగ్నల్ ఇచ్చే రెండు కాళ్ల వైరు; ఎస్‌డబ్ల్యుఆర్ అంటే యాంటెన్నా రేడియోకి ఎంత సరిపోయిందో చెప్పే కొలత, 1:1 అంటే పూర్తిగా సరిపోయినట్టు.) ఎక్కువమందిని ముంచేది చివరి మాట. ముందు దాని సంగతి చూద్దాం.

"1:1 వస్తే చాలు": 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (పరీక్షకి యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టర్) కూడా 1:1 చూపిస్తుంది, సిగ్నల్ మాత్రం గేటు దాటదు. 5 మీటర్ల విప్‌ని అడుగున కాయిల్‌తో 40 మీటర్ల బ్యాండ్‌కి తెచ్చారనుకోండి. రేడియేషన్ రెసిస్టెన్స్ (గాలిలోకి వెళ్లే పవర్‌కి లెక్కగట్టే రెసిస్టెన్స్) సుమారు 5.5 ఓమ్‌లే. కాయిల్లో, నేలలో నష్టం 44.5 అయితే మొత్తం సరిగ్గా 50. మీటర్ ముచ్చటగా ఉంటుంది. 10 వాట్లు పంపితే గాలిలోకి వెళ్లేది 1.1 వాట్లు, మిగతాదంతా కాయిల్నీ మట్టినీ వేడిచేయడానికే. ఇప్పుడు రేడియల్స్ (యాంటెన్నా అడుగు నుంచి నేలమీద పరిచే వైర్లు) బాగా పరిచి ఆ నష్టాన్ని 13కి దించండి. మొత్తం 18.5 ఓమ్‌లు, ఎస్‌డబ్ల్యుఆర్ 2.7. యాంటెన్నా అడుగు దగ్గరే మ్యాచ్ చేస్తే అవే 10 వాట్లలో దాదాపు 3 బయటికి వెళ్తాయి. మీటర్ పెరిగిందని రేడియల్స్ పీకేస్తే చేజేతులా చెడగొట్టుకున్నట్టే.

ట్యూనర్ (మ్యాచ్ చేసే పెట్టె) ఉందిగా అంటారా? రిగ్ (రేడియో సెట్) పక్కనున్న ట్యూనర్ రిగ్‌ని కాపాడుతుంది, నేలలో పోయేదాన్ని వెనక్కి తేదు.

"విప్ డైపోల్‌కి తీసిపోదు": ఎవరితో మాట్లాడాలన్నదాన్ని బట్టి ఉంటుంది. పగటిపూట 7.1 మెగాహెర్ట్జ్‌లో (40 మీటర్ల బ్యాండ్) హైదరాబాద్ నుంచి విజయవాడ అందాలంటే సిగ్నల్ దాదాపు నిటారుగా పైకి వెళ్లి దిగాలి. నిలువు విప్ బలహీనం అక్కడే. 7 మీటర్ల ఫైబర్‌గ్లాస్ కర్రకి ఇన్వర్టెడ్ వీ (నడుము పైకెత్తి కాళ్లు కిందికి దించిన డైపోల్) కట్టండి (కార్బన్ గాలపు కర్ర వద్దు, అది కరెంటుని మోస్తుంది). ఒక్కో కాలు 10.4 మీటర్లు కోసి, రెండువైపులా సమానంగా తగ్గిస్తూ రండి. ఒక్కో కాలికి 10 సెంటీమీటర్లు తగ్గిస్తే ట్యూన్ అయ్యే ఫ్రీక్వెన్సీ సుమారు 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. 20 మీటర్ల బ్యాండ్‌లో దూరదేశాలకైతే భీమిలి ఒడ్డున ఉప్పునీటి అంచులో నిలిపిన 5 మీటర్ల వర్టికల్ కిందికి కట్టిన డైపోల్‌ని ఓడించగలదు. అయితే అది కాయిల్ లేని పూర్తి పావు తరంగం (పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు).

"కౌంటర్‌పాయిజ్ అక్కర్లేదు": అర్ధతరంగ వైరు చివర కరెంటు తక్కువే కానీ సున్నా కాదు. దానికి దారి చూపకపోతే కోయాక్స్ (రేడియో నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబుల్) పైతొడుగు మీదుగా రిగ్‌కే వస్తుంది. కోయాక్స్ పట్టుకుంటే ఎస్‌డబ్ల్యుఆర్ మారడం, మైక్ పెదవికి తగిలి చురుక్కుమనడం దాని గుర్తులు. వైరు చివర ఉండే 49:1 ట్రాన్స్‌ఫార్మర్ (ఎఫ్‌టీ140-43 టొరాయిడ్, అంటే ఫెర్రైట్ రింగు మీద 2కి 14 చుట్లు, ప్రైమరీకి అడ్డంగా 100 పికోఫారాడ్‌లు) గ్రౌండ్ వైపు 2 మీటర్ల వైరు తగిలించండి, కోయాక్స్‌కి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె దగ్గరే చోక్ (పైతొడుగు మీది కరెంటుని ఆపేది) పెట్టండి. వైరు మోయడం ఇష్టం లేకపోతే చోక్‌ని 2 మీటర్లు కిందికి జరపండి, ఆ కోయాక్స్ ముక్కే కౌంటర్‌పాయిజ్ అవుతుంది. 9:1 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఈ పనికి రాదు.