సేనానిని సాగనంపేటప్పుడు ఏం చెప్పుకోవాలి?

పదవీ విరమణ చేస్తున్న సైనికాధికారుల మీద వచ్చే అభినందన వ్యాసాలను నాలుగింటిని పక్కపక్కన పెట్టుకుని చదవండి. పేర్లూ పతకాల జాబితాలూ తీసేస్తే ఏది ఎవరి గురించి రాశారో చెప్పడం కష్టం. అందరూ ధైర్యవంతులే, అందరూ క్రమశిక్షణకు మారుపేర్లే, అందరూ నిరాడంబరులే. దాదాపు నలభై ఏళ్లు యూనిఫాంలో గడిపిన మనిషికి ఇది చాలా తక్కువ గౌరవం. పొగడ్తకు లోటు లేదు గానీ ఆ పొగడ్తలో ఆ మనిషి కనిపించడు.

సేనాని వ్యక్తిత్వం అతని నిర్ణయాల్లో ఉంటుంది. ఏ గడియలో ఏ దారి ఎంచుకున్నాడు, దానివల్ల తనకు ఏం నష్టమని తెలిసీ ఎంచుకున్నాడు, ఆ తర్వాత దాని బరువు ఎవరి మీద వేశాడు? వీడ్కోలు సభలో చెప్పవలసింది ఇదే. ఇది చెప్పాలంటే చెప్పేవాళ్లు అతని సర్వీసు రికార్డును నిజంగా చదివి ఉండాలి. విశేషణాలకు ఆ శ్రమ అక్కర్లేదు.

కొలమానం కోసం మనం ఎక్కడో వెతకనక్కర్లేదు, అది సైన్యం దగ్గరే ఉంది. 1932లో డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీని లాంఛనంగా ప్రారంభిస్తూ అప్పటి సర్వసేనాని ఫిలిప్ చెట్‌వుడ్ చెప్పిన మాటలు నేటికీ అక్కడి కేడెట్లకు ప్రతిజ్ఞ లాంటివి. దేశ భద్రత, గౌరవం, సంక్షేమం ఎల్లవేళలా ముందు. నీ కింద పనిచేసే వారి గౌరవం, సంక్షేమం, సౌఖ్యం ఆ తర్వాత. నీ సొంత సుఖం, సౌఖ్యం, భద్రత ఎల్లవేళలా చివర. ఈ మూడింటిలో చివరిది పాటించడం అన్నిటికన్నా కష్టమని నాకనిపిస్తుంది. అదీ హోదా పెరిగేకొద్దీ మరింత కష్టం. కుర్ర లెఫ్టినెంటు తన జవాన్లతో పాటే మంచులో పడుకుంటాడు, వాళ్లు తిన్నదే తింటాడు. అతని పరీక్ష శరీరానికి. జనరల్‌కు ఇల్లు, వాహనం, సహాయకులు వ్యవస్థే సమకూరుస్తుంది. అతను ఇక పణంగా పెట్టగలిగేది తన పదవిని, రాబోయే పదోన్నతిని, పేరును. పై స్థాయిలో ధైర్యం అంటే అదే. యుద్ధభూమిలో తుపాకీ గుండుకు వెరవనివాడు మంత్రి ముందు నోరు విప్పలేకపోయిన సందర్భాలు ప్రతి దేశపు సైనిక చరిత్రలోనూ కనిపిస్తాయి.

ఈ విషయంలో మనవాళ్లు ముందుగా తలచుకునేది 1971 యుద్ధకాలపు సైన్యాధ్యక్షుడు శామ్ మానెక్‌షాను. 1971 ఏప్రిల్‌లో తూర్పు పాకిస్తాన్ మీద వెంటనే దాడికి దిగాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు సైన్యం సిద్ధంగా లేదని, ముందు వర్షాకాలం ఉందని, కావాలంటే రాజీనామా చేస్తానని ప్రధాని ఇందిరా గాంధీతో ఆయన చెప్పిన కథ అందరికీ తెలుసు. ఆ కథ ఎక్కువగా ఆయన నోట విన్నదే. అప్పటికి ప్రభుత్వం కూడా తొందరపడే ఆలోచనలో లేదని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. ఆ సంభాషణ ఎలా నడిచిందన్న చర్చను వారికి వదిలేద్దాం. వివాదం లేని విషయం ఒకటుంది: ఆ తర్వాతి నెలలన్నీ సన్నాహాలకే వెచ్చించారు. దళాలను తరలించారు, రోడ్లు వేశారు, సరఫరాలు పేర్చారు. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటుతో ముగిసింది. మానెక్‌షాను మెచ్చుకోవాలంటే చమత్కారాలకన్నా ఆ నిరీక్షణ గురించి మాట్లాడటం న్యాయం. దేశమంతా ఆవేశంగా ఉన్నప్పుడు ‘ఇంకా వేళ కాలేదు’ అనే సేనాని వేల ప్రాణాలను కాపాడతాడు. అలా కాపాడిన ప్రాణాల లెక్క ఏ పతకం మీదా చెక్కరు.

అందరి కథలూ ఇంత చక్కగా ముగియవు. 1959లో రక్షణ మంత్రి కృష్ణ మేనన్‌తో పొసగక అప్పటి సైన్యాధ్యక్షుడు జనరల్ తిమ్మయ్య రాజీనామా ఇచ్చి, నెహ్రూ మాట మీద వెనక్కి తీసుకున్నారు. పార్లమెంటులో ఆయన మీద విమర్శ వచ్చింది, ఆ తర్వాత ఆయన మాటకు పూర్వపు బలం లేకపోయింది. తిమ్మయ్య మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కొరియా యుద్ధఖైదీల సమస్యను తటస్థ దేశాల కమిషన్ అధ్యక్షుడిగా నిభాయించినవాడు, చివరికి సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి శాంతిదళానికి నాయకత్వం వహిస్తూ 1965లో కన్నుమూసినవాడు. అలాంటి మనిషి జీవితంలోంచి ఆ రాజీనామా అధ్యాయాన్ని మర్యాద కోసం తొలగిస్తే ఆయనను చిన్నబుచ్చినట్టే. పౌర ప్రభుత్వానికి విధేయుడిగా ఉండటానికీ తన సైన్యానికి జవాబుదారీగా ఉండటానికీ మధ్య ఆయన పడిన నలుగుబాటు ఆ అధ్యాయంలోనే ఉంది.

అన్నిటికన్నా నన్ను కదిలించేది లెఫ్టినెంట్ జనరల్ ప్రేమీంద్ర సింగ్ భగత్ జీవితం. 1941లో తూర్పు ఆఫ్రికా రంగంలో శత్రువు పాతిపెట్టిన మందుపాతరలను తొలగిస్తూ దళాలకు దారి చేసే పని ఈ ఇరవై రెండేళ్ల ఇంజనీరు అధికారికి పడింది. నాలుగు రోజుల పాటు దాదాపు విరామం లేకుండా 55 మైళ్ల దారిలో 15 మందుపాతర క్షేత్రాలను శుభ్రం చేశాడు. కింద మందుపాతరలు పేలి ఆయన ప్రయాణిస్తున్న వాహనం ధ్వంసమైంది, చెవి కర్ణభేరి పగిలింది, అయినా తప్పుకోమంటే తప్పుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వారి అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ పొందిన తొలి భారతీయ సైనికాధికారి ఆయనే. వీడ్కోలు వ్యాసాలు సాధారణంగా ఇక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే పతకం ఇక్కడే ఉంది.

ఆయన వ్యక్తిత్వం తెలియాలంటే ఇంకా ముందుకు వెళ్లాలి. 1962లో చైనా చేతిలో పరాజయం తర్వాత సైన్యం ఎక్కడ విఫలమైందో పరిశీలించే బాధ్యతను లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్‌తో పాటు అప్పటికి బ్రిగేడియర్‌గా ఉన్న భగత్‌కు అప్పగించారు. తన పై అధికారుల తప్పులను, తాను ఇంకా పనిచేయవలసిన సంస్థ లోపాలను కాగితం మీద పెట్టడమంటే మందుపాతరల మీద నడవడంకన్నా తేలికేమీ కాదు. 1963లో నివేదిక సమర్పించారు. దశాబ్దం తర్వాత కొత్తగా ఏర్పడిన ఉత్తర కమాండ్‌కు తొలి సేనానిగా ఆయన జవాన్ల వసతి, సంక్షేమాల మీద పెట్టిన శ్రద్ధను సైన్యం నేటికీ చెప్పుకుంటుంది. ఆయనే తదుపరి సైన్యాధ్యక్షుడవుతారని చాలామంది భావించారు. కానీ అప్పటి సైన్యాధ్యక్షుడు జనరల్ బేవూర్ పదవీకాలాన్ని పొడిగించడంతో, ఆ పదవి ఖాళీ అయ్యేలోపే 1974లో భగత్ విరమణ చేయవలసి వచ్చింది.

అక్కడ ఆయన ఏం చేశారన్నది ముఖ్యం. పత్రికలకెక్కలేదు, గుంపు కట్టలేదు, చేదు మిగుల్చుకుని ఇంట్లో కూర్చోలేదు. దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ ఛైర్మన్‌గా వెళ్లి, కుంటుతున్న ఆ విద్యుత్ సంస్థను నిలబెట్టే పనిలో పడ్డారు. 1975 మేలో, అరవై నిండకుండానే మరణించారు. శిఖరం దాకా వచ్చి చివరి మెట్టు అందని అధికారులు ప్రతి తరంలోనూ ఉంటారు. సైన్యం పిరమిడ్ లాంటిది కాబట్టి అది తప్పదు. కర్నల్‌గా, బ్రిగేడియర్‌గా ఆగిపోయి యాభై నాలుగుకో యాభై ఆరుకో ఇంటిముఖం పట్టేవాళ్లే ఎక్కువ. అందరికీ దొరకని పదవి అందనప్పుడు మనిషి ఎలా ప్రవర్తించాడన్నది, అందినప్పుడు ఎలా ప్రవర్తించాడన్నదానికన్నా ఎక్కువ చెబుతుంది. మన అభినందనల్లో దీనికి చోటే లేదు. ఓడిపోయినట్టు అనిపిస్తుందేమో అని దాటవేస్తాం.

బాధ్యత తీసుకోవడం మరొకటి. 1944 జూన్‌లో ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీద దాడికి ముందు మిత్రరాజ్యాల సేనాని ఐసెన్‌హోవర్ ఒక చిన్న కాగితం రాసి పర్సులో పెట్టుకున్నాడు. దాడి విఫలమైతే విడుదల చేయవలసిన ప్రకటన అది. సైనికులు చేయగలిగిందంతా చేశారు, నింద ఏదైనా ఉంటే అది నా ఒక్కడిదే అని అందులో ఉంది. దాడి ఫలించింది కాబట్టి ఆ కాగితం అవసరం పడలేదు. గెలిచాక ‘మేం’ అనడం, ఓడితే ‘నేను’ అనడం ఎవరికైనా నేర్పగల పాఠమేమో గానీ, ఫలితం తెలియకముందే, ఎవరూ అడగకముందే రాసి పెట్టుకోవడం నేర్పితే వచ్చేది కాదు.

పదవి దిగడం కూడా సేవలో భాగమే. 1783 డిసెంబరు 23న అనాపొలిస్‌లో జార్జ్ వాషింగ్టన్ తన సర్వసేనాని అధికారాన్ని అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు తిరిగి అప్పగించాడు. జీతాలందని అధికారులు ఆ ఏడాది మార్చిలోనే తిరుగుబాటు అంచుదాకా వెళ్లగా ఆయనే వారిని ఆపాడు. సైన్యం చేతిలో ఉండగా, రాజ్యం బలహీనంగా ఉండగా దిగిపోవడం అప్పటి ప్రపంచానికి వింత. జార్జ్ మార్షల్‌ది మరో తీరు. రెండో ప్రపంచ యుద్ధమంతటా అమెరికా సైన్యానికి అధ్యక్షుడిగా ఉన్న ఆయనకు ఐరోపా దాడికి నాయకత్వం వహించే అవకాశం వచ్చింది. నీకేం కావాలని దేశాధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అడిగితే దేశానికి ఏది మంచిదో మీరే నిర్ణయించండి అన్నాడు తప్ప తన కోరిక చెప్పలేదు. చరిత్రలో పెద్ద పేరు తెచ్చే ఆ పని ఐసెన్‌హోవర్‌కు వెళ్లింది. విరమణ తర్వాత ఆత్మకథ రాస్తే పెద్ద మొత్తాలిస్తామని ప్రచురణకర్తలు వెంటపడినా మార్షల్ రాయలేదు. మరోవైపు అదే అమెరికా సైన్యంలో మెకార్థర్ ఉన్నాడు. గొప్ప సేనానే. కానీ 1951లో కొరియా యుద్ధం నడుస్తుండగా ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా ధిక్కరించి పదవి పోగొట్టుకున్నాడు. ఊరేగింపులు, జేజేలు అతనికే ఎక్కువ దక్కాయి. జేజేలను బట్టి విలువ కట్టడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఆ ఏడాది చాలు.

విరమణ తర్వాతి జీవితం ఈ లెక్కలో రాకూడదా? వస్తుందనే నా అభిప్రాయం. 1965 యుద్ధంలో జనరల్ కరియప్ప కొడుకు విమానం కూలి పాకిస్తాన్‌కు చిక్కాడు. పూర్వం కరియప్ప కింద పనిచేసిన పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ ఆ యువకుడి పట్ల ప్రత్యేకంగా వ్యవహరించబోతే, అప్పటికి పన్నెండేళ్ల క్రితమే విరమణ చేసిన తండ్రి ఒప్పుకోలేదు. ఖైదీలందరూ తన బిడ్డలేనన్నారు. వైమానిక దళ మార్షల్ అర్జన్ సింగ్ తన పొలం అమ్మి, విశ్రాంత వైమానిక సిబ్బంది సంక్షేమానికి రెండు కోట్ల రూపాయలతో ట్రస్టు పెట్టారు. 2015లో అబ్దుల్ కలాం భౌతికకాయం ఢిల్లీ చేరినప్పుడు చక్రాల కుర్చీలో వచ్చిన ఆ తొంభై ఆరేళ్ల వృద్ధుడు లేచి నిలబడి సెల్యూట్ చేసిన దృశ్యం దేశమంతా చూసింది. యూనిఫాం విప్పి నలభై ఆరేళ్లయినా ఆ నడవడి విప్పలేదు. విరమణ మర్నాడే ఆయుధ వ్యాపారుల గుమ్మం ఎక్కేవాళ్లనూ, హోదాను ఎన్నికల ప్రచారానికి వాడుకునేవాళ్లనూ ఇదే ప్రమాణంతో చూడాలి.

ఒక మాట ఇక్కడ తప్పక చెప్పాలి. సైన్యాధ్యక్షుడు విరమణ చేసే రోజున జాతీయ యుద్ధ స్మారకం వద్ద పుష్పగుచ్ఛం, సౌత్ బ్లాక్ వద్ద గౌరవ వందనం, కెమెరాలు ఉంటాయి. ఉండవలసిందే. కానీ అతని పేరు మీద నమోదైన ప్రతి విజయాన్నీ భుజాల మీద మోసిన సిపాయిల్లో చాలామంది ముప్ఫైల్లోనే, పిల్లల చదువులు మొదలవుతున్న వయసులో, యూనిట్‌లో ఒక చిన్న వీడ్కోలుతో వెళ్లిపోతారు. రెండో ఉద్యోగం కోసం కాపలాదారు పనికి దరఖాస్తు పెట్టుకునేవాళ్లు వాళ్లే. జనరల్‌కు ఇచ్చే గౌరవం వాళ్ల నుంచి తీసుకున్నదే కనుక, అతని వీడ్కోలు సభలో మొదటి మాట మంత్రికో తోటి జనరల్‌కో కాకుండా అతని పాత బెటాలియన్ సుబేదార్ మేజర్‌కు ఇవ్వాలని నేను కోరుకుంటాను. సెలవు అడిగితే ఇచ్చాడా, తప్పు చేసినప్పుడు ఎలా మందలించాడు, చనిపోయిన జవాను ఇంటికి వెళ్లాడా, వెళ్తే ఎన్నేళ్ల దాకా వెళ్లాడు? ఇవి తెలిసింది ఆయనకే.

ఇక ప్రభుత్వం చేయగలిగింది ఒకటుంది. భగత్ బతికుండగా ఆయనకు దక్కనిదాన్ని ఇప్పుడెవరూ ఇవ్వలేరు. కానీ ఆయన సంతకం చేసిన ఆ 1963 నివేదిక అరవై ఏళ్లు దాటినా అధికారికంగా రహస్యంగానే ఉంది. కొంత భాగం 2014లో విదేశీ పాత్రికేయుడొకరి ద్వారా బయటికి వచ్చింది, మిగతాది ఇంకా తాళం వెనకే. అందులో పేర్లున్నవారు దాదాపు అందరూ గతించారు, నాటి ఆయుధాలూ దారులూ మారిపోయాయి. ఒక సైనికుడు తన సంస్థతో నిజం చెప్పడానికి సాహసించి రాసిన ఆ పుటలను పూర్తిగా ప్రచురించి, అకాడమీలో చేరే ప్రతి కేడెట్ చేతికీ ఇవ్వాలి.