అద్దె సూర్యుడికి అరసవల్లి నుంచి

గౌరవనీయులైన బాస్కింగ్ బల్బు గారికి,

శ్రీకాకుళంలో, అరసవల్లికి కూతవేటు దూరంలో ఉన్న మా మేడగదిలో, మా పెంపుడు బల్లి ఉండే గాజుపెట్టె మీద పరచిన ఇనుప జల్లెడపై, దానికి ఎండకు బదులు వేడినిచ్చే బల్బుగా తమరు రోజూ పన్నెండు గంటలు కొలువు చేస్తున్నారు. రథసప్తమికి జిల్లేడాకులు నెత్తిన పెట్టుకొని స్నానాలు చేసే ఊరిలో, మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకే వేళకు జనం బారులు తీరే ఊరిలో, అట్టపెట్టె మీద సూర్యుడి బొమ్మ అచ్చు వేయించుకొని దిగినందుకు తమ ధైర్యాన్ని మెచ్చుకోక తప్పదు.

తమ కింద రాతిపలక మీద పడుకొనే ఆ బల్లి పేరు బియర్డెడ్ డ్రాగన్, దానిది ఆస్ట్రేలియా లోపలి పొడినేలల జాతి. మా వీధిలో మాత్రం అది తొండే. "ఏటమ్మా, మనమే ఉడికిపోతంటే తొండకి బల్బేటి?" అని పక్కింటి పెద్దావిడ అడిగినప్పుడు తమరు నోరు మెదపలేదు కనుక, జవాబు నేనే చెప్పుకోవలసి వచ్చింది. మా ఊరి వేడి గదినంతటినీ ఒక్కలాగే ఉడికిస్తుంది. ఒంట్లో సొంతంగా వేడి పుట్టించుకోలేని ఈ ప్రాణికి కావలసింది అది కాదు: ఒక మూల రాయి 38 నుంచి 42 డిగ్రీల దాకా కాలాలి, అవతలి మూల 24 నుంచి 29 మధ్య చల్లగా ఉండాలి, ఆ రెండింటి నడుమ తిరుగుతూ తన వేడిని తానే సరిచూసుకోవాలి. ఉదయం తమరు వెలగగానే అది ఒంటిని పలకలా చదునుగా పరిచి, వీపును తమ వైపు వాల్చి, నల్లబారిన చర్మంతో వేడిని తాగుతుంది. కడుపు నిండా కాగాక రంగు తేలి, నోరు తెరిచి కూర్చుంటుంది. అది తమ మీద ఆశ్చర్యం కాదు, ఎక్కువైన వేడిని వదిలించుకోవడం.

ఇంతవరకు తమ ఘనతే. అయితే ఆ డ్రాగన్ ఎముకల సంగతి అడిగితే తమరు చేతులెత్తేస్తారు. దానికి అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే భాగం కావాలి. ఆ కిరణాలు చర్మంలో విటమిన్ డి3కి ముందు రూపాన్ని తయారుచేస్తే, దానిని డి3గా మార్చే పని ఒంటి వేడి పూర్తిచేస్తుంది. ఆ డి3 లేనిదే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వణుకుతాయి, వెన్ను వంకరపోతుంది. అందుకే తమ పక్కనే యూవీబీ ట్యూబును కూడా నియమించి, ఇద్దరి వెలుగూ ఒకే రాయి మీద పడేలా అమర్చాను. ఆ ట్యూబు కంటికి వెలుగుతూనే ఉన్నా లోపలి సత్తువ ముందే తగ్గిపోతుంది గనుక, రకాన్ని బట్టి ఆరునెలలకో ఏడాదికో మార్చాలి. కిటికీ పక్కన పెడితే ఎండ తగులుతుంది కదా అనే వారికి ఒక్క మాట: కిటికీ అద్దం వేడిని రానిస్తుంది, యూవీబీని ఆపేస్తుంది. దుకాణాల్లో 'రాత్రి పూట జంతువుకు కనబడదు' అని అంటగట్టే తమ ఎర్రరంగు తమ్ముడిని నేను గడప తొక్కనివ్వలేదు. ఎరుపు దానికి చక్కగా కనబడుతుంది, నిద్ర చెడుతుంది.

డాబా మీద ఉదయపు ఎండ ముందు తమరు దివిటీ ముందు దీపమే. వైరు జాలీ గూట్లో, ఒక పక్క నీడ ఉంచి, ఎదురుగా మనిషి కూర్చొని చూస్తుంటే ఆ ఎండలో వేడీ, వెలుగూ, యూవీబీ మూడూ పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. గాజుపెట్టెను మాత్రం ఎండలో పెట్టకూడదు. కొద్ది నిమిషాల్లోనే లోపలి ప్రాణి ఉడికిపోతుంది. తమరో, వంద వాట్ల చొప్పున రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు నమిలేస్తున్నారు. ఇన్వర్టరు మీద కూర్చుంటే ఇంట్లో ఫ్యానుకు చెందవలసిన చార్జింగు కూడా తమ ఖాతాలోకే పోతుంది.

కాబట్టి ఈ కింది ఏర్పాట్లు తక్షణం అమల్లోకి వస్తాయి. తమ మీద అధికారిగా, వేడిని బట్టి తమ వెలుగును తగ్గించి పెంచే డిమ్మింగ్ థర్మోస్టాట్ నియమితమైంది. వేడిని పసిగట్టే దాని తీగ కొసను రాయి పక్కనే కట్టాను గనుక, గాజుకు అంటించిన గుండ్రటి థర్మామీటరు చెప్పే చాడీలు ఇక చెల్లవు. ఆ థర్మామీటరు గాజు వేడిని చూసి, అదే రాయి వేడి అని చెబుతోంది. మే నెలలో గదే 35 డిగ్రీలు దాటి, చల్లని మూల కూడా చల్లగా లేని రోజుల్లో తమ స్థానంలో యాభై వాట్ల తమ బంధువు పనిచేస్తారు. రాత్రి పూట, డిసెంబరులోనైనా సరే, తమరు పూర్తిగా ఆరిపోవాలి; మన తీరంలో రాత్రి చలిని ఈ ప్రాణి తేలిగ్గా తట్టుకుంటుంది, పైగా దానికి చీకటి అవసరం.

ఉత్తర్వు ముట్టినట్లు తెలియజేయడానికి దయచేసి మినుకుమనకండి. మినుకుమంటే కొత్త బల్బుకు ఆర్డరు పెట్టవలసి వస్తుంది.

ఇట్లు,
తమ కరెంటు బిల్లు కట్టే మనిషి