కుళాయికి ఎంగిలి లేదా?

విజయనగరం వాళ్లం శుభ్రంలో ఎవరికీ తీసిపోం. మా వీధిలో ఏ ఇంటికైనా వెళ్లి గ్లాసు పెదవికి ఆనించి తాగండి చూద్దాం. ఇంటావిడ ఆ గ్లాసు వైపు చూసే చూపుకే దాహం తీరిపోతుంది. చెంబెత్తి, నోటికి నాలుగు వేళ్ల ఎడం ఉంచి గటగటా పోసుకోవాలి. ఇంత నిష్ఠ గల మేం కుళాయి దగ్గర మాత్రం మహా ఉదారులం.

పొద్దున్న నీళ్లొచ్చే వేళ చూడండి. ప్రెషర్ చాలదని మురుగు కాలవ పక్కనే గుంట తవ్వి, గొట్టాన్ని రోడ్డు కన్నా రెండడుగులు కిందికి దింపాం. దానికి కుళాయి తల లేదు. రోజూ తిప్పడం వృథా శ్రమ కదా! ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యూబు తొడిగి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి, రెండో కొస డ్రమ్ము అడుక్కంటా దించేశాం. సప్లై ఆగాక లైన్లో నీరు దిగిపోతూ డ్రమ్ములో నీటిని వెనక్కి లాగుతుంది. అందులో పడేసిన మగ్గు, చంటాడు కడుక్కున్న చేతులు, అన్నిటి సారమూ మెయిన్ లైన్లోకి చేరి, మర్నాడు నాలుగిళ్ల అవతల కాఫీ డికాక్షన్‌గా ప్రత్యక్షమవుతుంది. ఇచ్చిపుచ్చుకోవడాలు వియ్యంకుల మధ్యే ఉండాలని ఎక్కడుంది? డ్రమ్ము లేనివాళ్లకి గుంట ఉండనే ఉంది. వానకి కాలవ పొంగి గుంట నిండితే, మూత లేని గొట్టం దాన్నీ కాదనదు.

ఇక మోటారు. కుళాయి గొట్టానికే నేరుగా మోటారు తగిలించకూడదని అందరికీ తెలుసు. అందుకే దానిమీద గోనెసంచి కప్పుతాం. ఎదురింటి మోటారు ఆన్ చేసినప్పుడు మీ గొట్టం మూతికి అరచెయ్యి పెట్టి చూడండి, చర్మాన్ని లోపలికి పీలుస్తుంది. లైన్లో ప్రెషర్ బయటి గాలి కన్నా తక్కువైందన్నమాట. అప్పుడు గొట్టానికి ఎక్కడ చిల్లుంటే అక్కడ, దాన్ని ఏది ఆనుకుని ఉంటే అది లోపలికి వెళ్తుంది. మన పాత లైన్లు దేన్ని ఆనుకుని పడుకున్నాయో కాలవ దాటే ప్రతివాడూ చూస్తూనే ఉన్నాడు.

ఈ విద్యలో అమెరికా వాళ్లు బాగా వెనకబడ్డారు. 1969లో మసాచుసెట్స్‌లోని హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కామెర్లు చుట్టుకుని, ఆ సీజన్ ఆటలే ఆగిపోయాయి. మైదానంలో స్ప్రింక్లర్లు నేలలో గుంటల్లో ఉండేవి. దగ్గర్లో మంటలు లేచి, ఫైరింజన్లు నీళ్లు తోడేసరికి ప్రెషర్ పడిపోయి, ఆ గుంటల్లో నీరు తాగే కుళాయిలోకి ఎక్కింది. పాపం, ఆ కాస్త గుంట నీటికి వాళ్లకి అగ్నిప్రమాదం కావాల్సొచ్చింది. మాకు అర హెచ్‌పీ మోటారు చాలు.

మందు తెలియక కాదు. కుళాయి మూతికీ కింది నీటికీ మధ్య గొట్టం వెడల్పుకి రెట్టింపు ఎడం, ఎంత సన్న గొట్టమైనా అంగుళానికి తగ్గకుండా ఉంటే, లైను ఎంత లాగినా గాలే వస్తుంది గాని నీరు ఎక్కదు. మా వీధి మామ్మలు చెంబెత్తి పోసుకునేది ఈ లెక్క ప్రకారమే. మోటారు తప్పదంటే నీళ్లు ముందు సంపులోకి పైనుంచి పడాలి, మోటారు సంపులోంచి లాగాలి. వెళ్లిన నీటిని వెనక్కి రానివ్వని ఎన్నార్వీ వాల్వు హార్డ్‌వేర్ షాపులో అడిగితే ఇస్తారు. అడిగేవాడే లేడు.

క్లోరిన్ ఉంది కదా అంటారు మా పెద్దలు. చివరి కుళాయి దగ్గర లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మిగలాలని లెక్క. ఆ కాస్త క్లోరిన్ ఇన్ని గుంటలకి ఎక్కడ సమాధానం చెప్పుకుంటుంది? 2024 అక్టోబరులో మా జిల్లా గుర్లలో అతిసారంతో ప్రాణాలు పోయినప్పుడు మా వీధి కూడా భయపడి నీళ్లు కాచుకుంది. కాచిన గిన్నెలు మాత్రం గుంట నీళ్లతోనే తోమింది. సిరిమాను పండక్కొచ్చే చుట్టాలకి క్యాను నీళ్లే ఇస్తాం. మర్యాద తెలిసినవాళ్లం.

మొన్న పక్కింటి మాస్టారిని మోటారు తీసెయ్యమని అడిగాను. “ముందు ఆ వెనకింటోణ్ని తీసీమను బాబూ, నేనెందుకు తియ్యను?” అన్నారు. వెనకింటాయన్ని అడిగితే, నోరు మెదపకుండా మాస్టారి గోడ వైపు వేలు చూపించారు. ఆయన కిందటి వారమే ఒక హెచ్‌పీకి మారారు. మాస్టారు ఒకటిన్నరకి బేరమాడుతున్నారట.