సగటు చలి ఎవరినీ వణికించదు

అక్టోబర్ సగం దాటిందంటే అమెరికా ఈశాన్య కొసన ఉన్న న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాల్లో అందరి నోటా ఒకటే ప్రశ్న: ఈసారి చలికాలం ఎలా ఉంటుంది? ఆ దేశ వాతావరణ సంస్థ నోవా డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మూడు నెలల అంచనాను విడుదల చేసేది అప్పుడే. ఆ వార్త కోసం కాచుకుని ఉండేవాళ్లు మన ఊళ్లలోనూ తక్కువేం లేరు. కొడుకో కూతురో బోస్టన్‌లోనో వూస్టర్‌లోనో చదువుకుంటూ ఉంటారు. "ఈ ఏడు అక్కడ చలి తక్కువేనట" అని తండ్రి వాట్సాప్‌లో వచ్చింది చదివి వినిపిస్తే తల్లికి కాస్త టెన్షన్ తగ్గుతుంది. మా అభ్యంతరమల్లా ఆ ఊరట మీదే. తల్లిదండ్రులు ఊరట పడితే పోయేదేమీ లేదు. అక్కడి ప్రభుత్వాలు కూడా అలాగే ఊరట పడుతున్నాయి. చిక్కంతా అక్కడే ఉంది.

అంచనా తప్పని మేం అనడం లేదు. అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో చూసి చదవాలంటున్నాం. అంచనాతో పాటు వచ్చే రంగుల పటంలో న్యూ ఇంగ్లండ్ మీద వెచ్చదనాన్ని సూచించే నారింజ రంగు ఉన్నంత మాత్రాన అక్కడ వెచ్చగా ఉంటుందని కాదు. మామూలు కన్నా వెచ్చగా ఉండటం, మామూలుగా ఉండటం, మామూలు కన్నా చల్లగా ఉండటం అని మూడు గళ్లు పెట్టుకుని, మొదట తలా 33 శాతం పంచుతారు. ఒకవైపు మొగ్గు కనిపిస్తే ఆ గడిలో అంకె 40కో 50కో పెరుగుతుంది. వెచ్చదనానికి 45 శాతం అన్నారంటే తక్కిన 55 శాతం వెచ్చగా ఉండకపోవడానికే. అదీ మూడు నెలల సగటు మాత్రమే. మంచు ఎంత పడుతుందో ఆ పటం అసలు చెప్పదు. మహా అయితే వారం ముందు తప్ప మంచు సంగతి తేల్చలేమని నోవాయే చెప్పుకుంటుంది. ఆ మాట హెడ్డింగుల దాకా రాదు.

ఈ తిరకాసు మన పాఠకులకు కొత్తది కాదు. నైరుతి రుతుపవనాల వర్షం దీర్ఘకాల సగటులో 96 నుంచి 104 శాతం మధ్య పడితే మన వాతావరణ శాఖ ఐఎండీ దాన్ని సాధారణం అంటుంది. నారుమడి ఎండిపోయిన మూడు వారాలు, చేను మునిగిపోయిన ఒక్క రోజు, రెండూ ఆ 'సాధారణం'లో కలిసిపోతాయి.

2014 అక్టోబర్‌లో నోవా అంచనా న్యూయార్క్, న్యూ ఇంగ్లండ్ మీద వెచ్చదనం వైపే మొగ్గింది. 2015 జనవరి మూడో వారం దాకా ఆ మాట నిజమేననిపించింది కూడా. బోస్టన్‌లో చెప్పుకోదగ్గ మంచే లేదు. జనవరి 24న మొదలైంది. అక్కడి నుంచి 30 రోజుల్లో 94.4 అంగుళాల మంచు పడింది. అంటే దాదాపు ఎనిమిది అడుగులు. ఒక తుపాను మంచును ఎత్తిపోసేలోగా ఇంకోటి వచ్చిపడేది. ఫిబ్రవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 7 డిగ్రీల సెల్సియస్. ఊళ్లో రైళ్లు పూర్తిగా ఆగిపోయిన రోజులున్నాయి. సీజన్ ముగిసేసరికి లెక్క 110.6 అంగుళాలకు చేరి రికార్డయింది. ఆ నగరంలో మామూలుగా పడేది అందులో సగం కూడా ఉండదు. ఎత్తిన మంచును సముద్రం ఒడ్డున సీపోర్ట్ ప్రాంతంలో గుట్టగా పోశారు. చెత్తతో నల్లబడిన ఆ గుట్ట పూర్తిగా కరిగేసరికి జూలై 14 అయింది!

ఆ నెలలో బోస్టన్ వీధుల్లో పాత కుర్చీలు, ఇస్త్రీ బల్లలు, ట్రాఫిక్ కోన్లు వరసగా కనిపించేవి. నడుం విరిగేలా పారతో మంచు తవ్వి కారుకు చోటు చేసుకున్నవాళ్లు, ఆఫీసుకెళ్లి వచ్చేలోగా దాన్ని ఇంకొకరు ఆక్రమించకుండా పెట్టుకున్న గుర్తులవి. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద వేసే కర్చీఫు లాంటిదన్నమాట. అత్యవసర పరిస్థితి ఎత్తేశాక 48 గంటల దాకా ఆ కుర్చీకి విలువ ఉంటుందని నగరపాలక సంస్థే రూలు పెట్టింది.

ఒక ఏడాది అంచనా గురి తప్పడం పెద్ద విషయం కాదు. 2023లో జరిగింది ఇంకో రకం. ఆ ఏడాది జనవరి న్యూ ఇంగ్లండ్‌లోని ఆరు రాష్ట్రాల్లో దాదాపు అన్నింటా రికార్డుల్లోకెల్లా వెచ్చని జనవరి. చెరువుల మీద మంచు సరిగా గడ్డకట్టలేదు. ఫిబ్రవరి 3 సాయంత్రం కెనడా వైపు నుంచి గాలి దిగింది. మర్నాడు తెల్లవారేసరికి బోస్టన్‌లో మైనస్ 23 డిగ్రీలు. న్యూ హాంప్‌షైర్‌లోని మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీద మైనస్ 44. గాలి కోత కలిపితే ఒంటికి తగిలే చలి మైనస్ 78. ఆ వెచ్చని జనవరిని నమ్మి పీచ్ చెట్లు ముందుకొచ్చాయేమో, ఆ ఒక్క రాత్రి మొగ్గలు మాడిపోయి తోటలకు తోటలు ఆ ఏడు కాపు లేకుండా పోయాయి. సీజన్ సగటు చూస్తే మాత్రం అది వెచ్చని చలికాలమే. లెక్కల పుస్తకంలో ఆ రాత్రి ఒక చుక్క.

తరువాతి ఏడాది అంచనా అచ్చంగా నిజమైంది. పసిఫిక్ నీళ్లు మామూలు కన్నా వేడెక్కే ఎల్ నినో ఏడాది కాబట్టి ఉత్తరాది రాష్ట్రాలు వెచ్చగా ఉంటాయన్నారు, ఉన్నాయి. అలాస్కా, హవాయీ తప్ప మిగిలిన అమెరికా మొత్తానికి 2023-24 రికార్డుల్లోకెల్లా వెచ్చని చలికాలం. బోస్టన్‌లో సీజన్ మొత్తం మీద పడిన మంచు 9.8 అంగుళాలు. మంచు పారలు కొనేవాళ్లు లేరు. అయినా మెయిన్ రాష్ట్రం తీరంలో ఎవరిని కదిపినా ఆ చలికాలాన్ని మరిచిపోలేమంటారు. డిసెంబర్ 18న గాలివాన వచ్చి ఆ ఒక్క రాష్ట్రంలోనే 4 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. జనవరి 10న ఒక తుపాను, 13న ఇంకొకటి. రెండోదానితో పోర్ట్‌లాండ్ రేవులో పోటు 14.57 అడుగులకు లేచింది. అంతకు ముందు రికార్డు 1978 ఫిబ్రవరి నాటి మహా మంచు తుపానుది, 14.17 అడుగులు.

ఆ తీరంలో తుపానంటే ఈశాన్యం నుంచి కొట్టే గాలి. దానికి పెట్టుకున్న పేరే నారీస్టర్. జెట్టీలు, పడవల రేవులు ఆ దిక్కుకు వెన్ను చూపి కట్టుకున్నారు. 2024 జనవరిలో గాలి ఆగ్నేయం నుంచి తగిలింది. లాబ్‌స్టర్ పట్టేవాళ్ల జెట్టీలు, ఎర దాచుకునే పాకలు, మంచుగడ్డ గిడ్డంగులు అలల్లో కలిసిపోయాయి. సౌత్ పోర్ట్‌లాండ్‌లో విల్లర్డ్ బీచ్ మీద తరాలుగా నిలిచిన జాలరి గుడిసెలు కొట్టుకుపోతుంటే ఊరంతా ఫోన్లలో చూసింది. మెయిన్ తీరం వంపులన్నీ కలిపితే వేల మైళ్లుంటుంది. అందులో చేపల పనికి మిగిలిన రేవుల పొడవు ఇరవై మైళ్లేనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మిగతాదంతా సెలవుల ఇళ్లు, ప్రైవేటు ఒడ్లు. ఉన్న ఆ కాస్త కూలితే జాలరికి పడవ కట్టుకునే చోటు ఉండదు. రాష్ట్రం ఆ తర్వాత 6 కోట్ల డాలర్ల సహాయం ప్రకటించింది. మంచిదే. కట్టేటప్పుడు పాత ఎత్తులోనే కడితే ఆ డబ్బు నీళ్లలో పోసినట్టే. పోర్ట్‌లాండ్ రేవులో సముద్ర మట్టాన్ని కొలిచే పరికరం వందేళ్లకు పైగా రాసుకుంటూ వస్తున్న లెక్క ప్రకారం సముద్రం ఇప్పటికే ఏడెనిమిది అంగుళాలు పైకొచ్చింది.

మూడు చలికాలాలు చూశాం. ఒకసారి అంచనా గురి తప్పింది, ఒకసారి సగటు నిజమై ఒక రాత్రి కొంప ముంచింది, ఒకసారి అంతా నిజమై ముప్పు ఇంకో దిక్కు నుంచి వచ్చింది. ఇందులో వాతావరణ శాస్త్రవేత్తల తప్పేమీ లేదు. పసిఫిక్‌లో ఎల్ నినోనో, నీళ్లు చల్లబడే లా నినానో ఉందంటే అమెరికా దక్షిణాదికి, పడమటి తీరానికి గట్టి సూచన దొరుకుతుంది. న్యూ ఇంగ్లండ్‌కు వచ్చేసరికి ఆ పట్టు సడలుతుంది. అక్కడ చలికాలాన్ని నడిపేది ఉత్తర అట్లాంటిక్ మీది గాలి పీడనం తీరు. దాన్ని రెండు వారాల ముందు పసిగట్టడమే కష్టం. కెనడా చల్లగాలి, గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని సముద్ర ప్రవాహం మీది తేమ తీరం దగ్గర కలుసుకుని తుపాను పుడుతుంది. నాంటకెట్ దీవికి ఆగ్నేయంగా 40 డిగ్రీల అక్షాంశం, 70 డిగ్రీల రేఖాంశం కలిసే చోటును అక్కడి వాతావరణ నిపుణులు 'బెంచ్‌మార్క్' అంటారు. తుపాను దాని మీదుగా పోతే బోస్టన్‌కు రెండడుగుల మంచు. యాభై మైళ్లు ఇటు జరిగితే వాన, అటు జరిగితే ఏమీ లేదు. ఆ యాభై మైళ్లను అక్టోబర్‌లో చెప్పగలిగేవాడు ఎవడూ లేడు.

చెబుతామనేవాళ్లూ ఉన్నారు లెండి. న్యూ హాంప్‌షైర్‌లోని డబ్లిన్ అనే చిన్న ఊరి నుంచి ఓల్డ్ ఫార్మర్స్ ఆల్మనాక్ వస్తుంది, 1792 నుంచి. పసుపు అట్ట, మేకుకు తగిలించుకోవడానికి మూలన చిల్లు. మన ఇళ్లలో గోడకు వేలాడే పంచాంగానికి అచ్చం చుట్టమే. సూర్యుడి మచ్చల లెక్కతో ఏడాది ముందే వాతావరణం చెబుతుంది, సూత్రం ఒక నల్ల పెట్టెలో భద్రంగా ఉందంటుంది. ఉగాది నాడు కందాయ ఫలాలు విని నవ్వుకుంటూనే మన ఆదాయ వ్యయాలు ఎంతో ఓ చెవి అటు వేస్తాం చూడండి, అక్కడా అంతే. దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

నష్టం ఎక్కడంటే, వెచ్చని అంచనాను చూసి ఖర్చు తగ్గించుకునే చోట. మెయిన్‌లో సగానికి పైగా ఇళ్లు ఇప్పటికీ ఆయిల్‌తో కాచుకుంటాయి. నేలమాళిగలో 275 గ్యాలన్ల ట్యాంకు ఉంటుంది. లారీ వచ్చి నింపిపోతుంది, డబ్బు చేతిలో ఉంటేనే. మసాచుసెట్స్‌లో ఇబ్బందుల్లో ఉన్న కుటుంబానికి నవంబర్ 15 నుంచి మార్చి 15 దాకా గ్యాస్, కరెంటు కోయకూడదని నిబంధన ఉంది. ఆయిల్ ట్యాంకుకు అలాంటి రక్ష లేదు. దాన్ని ఎవరూ కోయరు, అదే ఖాళీ అవుతుంది. బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే హీట్ పంపులు పెట్టుకోమని మెయిన్ ప్రభుత్వం గట్టిగా ప్రోత్సహించి, 2025కి లక్ష లక్ష్యం పెట్టుకుని 2023లోనే దాటింది. మెచ్చుకోవలసిందే. కానీ గాలివానకు కరెంటు పోతే హీట్ పంపూ ఆగుతుంది, ఆయిల్ బాయిలరూ ఆగుతుంది. అప్పుడు మిగిలేది కట్టెల పొయ్యి, పక్కింటి జెనరేటరు.

ఆ ట్యాంకు నింపడానికి పేదలకు సాయం చేసే కేంద్ర పథకం లైహీప్. 1981 నుంచి ఉంది. దేశంలో దాదాపు 60 లక్షల కుటుంబాలు దాని మీద ఆధారపడ్డాయి. 2025 ఏప్రిల్‌లో ఆ పథకాన్ని నడిపే సిబ్బందిని తీసేశారు. బడ్జెట్ ప్రతిపాదనలో పథకాన్నే ఎత్తేస్తామన్నారు. బడ్జెట్ ఆమోదం పొందక అక్టోబర్ 1న మొదలైన ప్రభుత్వ షట్‌డౌన్ 43 రోజులు సాగడంతో నిధులు ఆలస్యమయ్యాయి. వాషింగ్టన్‌లో వాదన సాగుతుండగానే మెయిన్‌లో నీళ్లు గడ్డకట్టడం మొదలైంది. ఈ పథకానికి డబ్బు అక్టోబర్‌లోనే రాష్ట్రాల చేతికి అందేలా ఒక ఏడాది ముందుగా కేటాయించాలని మేం కోరుతున్నాం. చలికాలం వెచ్చగా ఉంటుందన్న పటం చూపించి కోత పెట్టే వీలు ఎవరికీ ఉండకూడదు.

ముందస్తు హెచ్చరిక ఇచ్చే వ్యవస్థ మీదా అదే ఏడాది కత్తి పడింది. మూడు నెలల అంచనా సడలుగా ఉన్నచోట ప్రాణాలు కాపాడేది మూడు రోజుల హెచ్చరిక. దానికి మూలం పై గాలిలో ఉష్ణోగ్రత, తేమ కొలవడానికి రోజుకు రెండుసార్లు ఎగరేసే వాతావరణ బెలూన్లు. సిబ్బంది చాలక 2025 మార్చిలో బెలూన్లు తగ్గించిన కేంద్రాల్లో పోర్ట్‌లాండ్ దగ్గరి గ్రే ఒకటి. అట్లాంటిక్ మీదికి వెళ్లే తుపాను దాటిపోయే దారిలో ఉన్న కేంద్రమది! ఒక జెట్టీ మరమ్మతుకయ్యే ఖర్చుతో ఎన్ని బెలూన్లు ఎగరేయొచ్చో లెక్క వేసినట్టు లేదు.

హెచ్చరిక ఉన్నా జనం నమ్మాలి, అది ఇంకో సంగతి. 1978 ఫిబ్రవరి 6న తెల్లవారేసరికి పడుతుందన్న మంచు పడలేదు. అందరూ పనుల్లోకి వెళ్లారు. మధ్యాహ్నానికి మొదలై బోస్టన్‌లో 27.1 అంగుళాలు పడింది. బోస్టన్ చుట్టూ తిరిగే హైవే రూట్ 128 మీద 3 వేలకు పైగా కార్లు కూరుకుపోయాయి. ఈశాన్య రాష్ట్రాల్లో సుమారు వంద మంది చనిపోయారు.

ఇక మన పిల్లల సంగతి. అద్దె ఇంట్లో చేరేముందు హీటింగ్ ఎవరు కట్టాలో, ట్యాంకు ఎవరు నింపాలో ఒప్పందంలో చూసుకోమనండి. మసాచుసెట్స్ నిబంధన ప్రకారం చలికాలంలో పగలు 20 డిగ్రీలు, రాత్రి దాదాపు 18 డిగ్రీల వేడి ఇంట్లో ఉండాలి. లేకపోతే నగర ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయొచ్చు. కొత్తగా వెళ్లినవాళ్లు ఇంటి ఓనరుతో పేచీ ఎందుకని రెండు రగ్గులు కప్పుకుని సర్దుకుపోతుంటారు, అక్కర్లేదు. మంచులో కూరుకున్న కారును స్టార్ట్ చేసేముందు వెనక పొగగొట్టం దగ్గర మంచు తీయాలి. తీయకపోతే విషవాయువు కారులోకే వస్తుంది, వాసన కూడా ఉండదు. తడి రోడ్డులా కనిపించే నల్లటి మంచు పొర మీద బ్రేకు పని చేయదు. బోస్టన్ దగ్గరి ఆష్లాండ్ గుడిలో సంక్రాంతి పూజకు బయల్దేరే కుటుంబాలు మూడు నెలల పటం మాట అటుంచి, ఆ రోజు పొద్దున వచ్చిన హెచ్చరిక చూసుకుని కదలాలి.