జర్మన్ సిల్వర్ అనే మాటను నిషేధించాలి

నల్లగొండలో భక్తి తగ్గిపోతోంది. గుళ్ల సంగతి కాదు, పానగల్లులో శివరాత్రికి జనం బాగానే వస్తున్నారు. నేననేది పాత గిటార్ల మీద ఉండాల్సిన భక్తి గురించి. గడియారం సెంటర్‌లో ఎన్నో ధర్నాలు చూశాను. ఈ విషయం మీద ఇంతవరకు ఒక్కరూ టెంటు వేయలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ వ్యాసం.

నా దగ్గర ఒక హాలో బాడీ ఎలక్ట్రిక్ గిటారుంది. అంటే కరెంటు గిటారే గానీ లోపలంతా డొల్ల. పొట్టకు అటొకటి ఇటొకటి ఇంగ్లీషు ఎఫ్ అక్షరం లాంటి చిల్లులు. 1960ల నాటి జపాన్ సరుకని అమ్మినాయన పిల్లల మీద ఒట్టేశాడు. మెరవాల్సిన చోట వెలిసిపోయి, తిరగాల్సిన చోట బిగుసుకుపోయి, ఆస్తులన్నీ కరిగిపోయిన దొరగారి మనవడిలా ఉంటుంది. నాకు వాయించడం పెద్దగా రాదు. ఈ వయసు గిటారును ఇంట్లో పెట్టుకున్నాక వాయించే తీరిక కూడా ఉండదు, సేవకే సరిపోతుంది.

సేవ నేనొక్కడినే చేసుకుంటే గొడవ లేదు. ఊళ్లో వాళ్ల సాయం అడిగిన ప్రతిసారీ గిటారుకు అవమానం జరుగుతోంది.

మొదటి అవమానం వడ్లాయన దగ్గర. మెడ దగ్గర అతుకు కొంచెం లేచినట్టుందని తీసుకెళ్లాను. మే నెల మధ్యాహ్నం కారులో వదిలేసి పెళ్లి భోజనానికి వెళ్లానన్న సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయన గిటారును తిరగేసి, ఎఫ్ చిల్లు అంచును బొటనవేలి గోటితో గీరి, "ప్లైవుడ్డే కద సారూ" అన్నాడు. పక్కన టీ తాగుతున్న ముగ్గురూ విన్నారు.

చిల్లు అంచున పొరలు కనిపించే మాట నిజమే. గిబ్సన్ కంపెనీ 1949లో తెచ్చిన ఈఎస్-175, 1958లో తెచ్చిన ఈఎస్-335 కూడా అంతే. జాజ్ వాళ్లు, బ్లూస్ వాళ్లు కళ్లకద్దుకునే ఆ గిటార్ల పైచెక్క కూడా పొరలు అతికించి చేసిందే. అలా చేస్తే చెక్క తొందరగా పగలదు, స్పీకరు చప్పుడుకు ఊరికే ఊగిపోదు. ఇంత ఆలోచన ఉంది దాని వెనక. కానీ దాన్ని లామినేటెడ్ మేపుల్ అనాలి. ఆ పేరు వింటే మనసులో సాక్సఫోన్ మోగుతుంది. ప్లైవుడ్ అంటే వంటింటి అల్మారా, అందులో చింతపండు డబ్బా గుర్తొస్తాయి.

రెండో అవమానం ఔసలాయన చేతిలో. మన ఎండలకు గాలిలో తేమ ఎగిరిపోతే మెడచెక్క కుంచించుకుంటుంది. ఆ చెక్కలో అడ్డంగా దిగ్గొట్టిన సన్న కమ్మీలను ఫ్రెట్లంటారు, అవి లోహం కాబట్టి కుంచించుకోవు. కొసలు బయటికి పొడుచుకొచ్చి, చెయ్యి జరిపితే రంపం మీద జరిపినట్టే. గిటారున్న చోట తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలంటారు. మే నెలలో నల్లగొండలో అంత తేమ రంజన్ చుట్టూ మాత్రమే ఉంటుంది. సబ్బు డబ్బాకు చిల్లులు పొడిచి, తడిపిన స్పాంజి పెట్టి గిటారు పెట్టెలో ఉంచాను. చాలలేదు. కూలరున్న గదిలోకి మార్చాను. మా అమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "నువ్వు పుట్టింది గూడ ఎండకాలమే బిడ్డా, నీకు గూడ గింత జేయలే" అని వెళ్లిపోయింది.

ఆ కొసలు సాపు చేయించడానికి ఔసలాయన దగ్గరికి వెళ్లాను. సన్న ఆకురాయి ఆయన దగ్గరే ఉంటుంది, చెయ్యి కూడా నెమ్మది. ఆయన అద్దం కంటికి పెట్టుకుని ఒక్క ఫ్రెట్టు చూసి, "జర్మన్ సిల్వర్" అని తేల్చేశాడు. "గీ లోహంతోటే కుంకుమ భరిణెలు జేస్తరు సారూ. పెండ్లిలల్ల రిటన్ గిఫ్ట్ ఇస్తరు గద."

నేను అక్కడే కూలబడ్డాను. ఇన్నాళ్లూ నికెల్ సిల్వర్ అని చదువుకుని మురిసిపోయాను. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది, వెండి ఒక్క చుక్క ఉండదు. నికెల్ సిల్వరన్నా జర్మన్ సిల్వరన్నా ఒకటే. ఒకటే అయితే మాత్రం? మా ఇంట్లో పెళ్లిళ్లకొచ్చిన అలాంటి భరిణెలు ఓ పది అటక మీద పడున్నాయి. వాటిని ఫ్రెట్లకు చుట్టాలని ఒప్పుకుంటే ఇక వింటేజ్, అంటే పాత సరుకన్న గొప్ప, ఏముంటుంది? అందుకే ఆ మాట మీద కనీసం ఉమ్మడి జిల్లా పరిధిలోనైనా నిషేధం పెట్టాలి.

ఆకురాయి పట్టాలంటే తీగలు తీయాలి కదా. ఆరూ ఒకేసారి తీసేశాను. ఇలాంటి గిటారుకు తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జి చాలాసార్లు అతికించి ఉండదు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. అది టప్పున ఊడి ఔసలాయన కుంపటి పక్కన పడింది. అసలు చోటు మళ్లీ దొరకడానికి మూడు సాయంత్రాలు పట్టింది. పన్నెండో ఫ్రెట్టు మీద వేలు ఊరికే ఆనించి మీటినప్పుడు వచ్చే స్వరం, అక్కడే నొక్కి మీటినప్పుడు వచ్చే స్వరం ఒకటయ్యేదాకా బ్రిడ్జిని వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ పోవాలి. "తీసేముందు రెండు బొట్టుబిళ్లలు అంటిస్తే గుర్తుండేది గదా" అంది అమ్మ. తర్వాత ఎప్పుడో తెలిసింది, తెలిసినవాళ్లు అక్కడ టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకుంటారని. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఇక అసలు ఘట్టం. వాల్యూమ్ తిప్పితే పోపులో ఆవాలు పేలినట్టు చప్పుడు. మామూలు మనిషైతే కాంటాక్ట్ క్లీనర్ రెండు పిచికారీలు కొట్టి, పదిసార్లు అటూ ఇటూ తిప్పి ఊరుకుంటాడు. నేను పాతదనాన్ని ప్రాణంగా కాపాడేవాణ్ని, కాబట్టి లోపలి సామానంతా తీసేసి కొత్తది వేయాలనుకున్నాను. వాల్యూమ్, టోన్ తిప్పే 500 కిలో ఓముల పాట్లు నాలుగు, స్విచ్చి, జాకు, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు. కోఠి గుజరాతీ గల్లీలో ఆ కెపాసిటర్ చిల్లర డబ్బులకు దొరుకుతుంది. అదే విలువ ఉండి, 1950ల నాటిదై, నల్లటి ఒంటి మీద రంగు చారలుంటే దాన్ని బంబుల్బీ అంటారు, వేల రూపాయలు పోసి కొంటారు. రెండూ చేసేది ఒకటే పని, టోన్ తగ్గించినప్పుడు కీచు శబ్దాన్ని ఎర్తుకు పంపడం. చారలున్నది మరింత వినయంగా పంపుతుందని నా నమ్మకం.

గట్టి చెక్క గిటారుకు మూత ఉంటుంది, స్క్రూలు విప్పితే సామాను కనిపిస్తుంది. హాలో బాడీకి వెనక దర్వాజా లేదు. లోపలికి పోయేదీ బయటికొచ్చేదీ ఎఫ్ చిల్లులోంచే. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కూర్చున్నాను. పాట్‌ను చిల్లులోంచి దూర్చి, వంచిన ఇనుప తీగతో నెట్టి, లోపల చీకట్లో దాని కాడను సరిగ్గా పైచెక్క రంధ్రంలోకి రప్పించాలి. ఒకటి వచ్చేసరికి రెండోది జారుతుంది. రెండోది దొరికేసరికి మొదటిది వైరుతో సహా మడతపడుతుంది. పన్నెండింటికి గిటారును తలకిందులు చేసి ఊపుతుంటే అమ్మ వచ్చింది.

"ఏందిరా, లోపల గింజలున్నయా?"

చెప్పాను. ఆమె కొంగు దోపుకుని కింద కూర్చుంది. లంగాకు నాడా ఎక్కించడం ఆమెకు అరవై ఏళ్లుగా అలవాటు. ఒక్కో రంధ్రంలోంచి దారం లోపలికి వదిలింది, పిన్నీసు కొసతో దాన్ని ఎఫ్ చిల్లులోంచి బయటికి లాగింది, పాట్ కాడకు ముడేసింది, అవతలి కొస పట్టుకుని మెల్లగా గుంజింది. కాడ టక్కున పైకొచ్చింది. నాలుగు పాట్లూ కూర్చునేసరికి కుక్కర్ మూడు కూతలు కూడా పూర్తికాలేదు. విదేశాల్లో పేరున్న మెకానిక్కులూ దారమో సన్న రబ్బరు గొట్టమో వాడి ఇదే పని చేస్తారు, గంటల లెక్కన ఫీజు తీసుకుంటారు.

ప్రపంచంలో నల్లగొండ టెక్నిక్ అని ఇప్పటికే ఒకటుంది. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం కలిపి తగ్గించే పద్ధతి, నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. న్యాయంగా అయితే ఇది రెండోది. కానీ నాడా టెక్నిక్ అంటే గిటారు పరువు ఏమవుతుంది? సరైన ఇంగ్లీషు పేరు దొరికేదాకా ఈ సంగతి బయటికి రాకుండా చూస్తున్నాను.

సామాను కుదిరింది గానీ గుయ్‌మనే మోత మొదలైంది. తీగల మీద చెయ్యి వేసినా ఆగదు, జాకు లోహం పట్టుకుంటే ఆగుతుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద రోజంతా కదలకుండా నిలిచే నీడ ఎక్కడి నుంచి పడుతుందో కూడా తేల్చారు. నా గిటారులో మోత ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం తేలలేదు. తీగల వెనక కొస పట్టుకునే లోహపు టెయిల్‌పీసుకు లోపలి నుంచి ఒక ఎర్తు తీగ పోవాలి. అది ఊడిపోయిందేమో చూడమన్నారు. అంత చిన్న కారణం నా స్థాయికి తగదనిపించి, ఇంటి వెనక గుంత తవ్వించి, ఉప్పు, బొగ్గు పోసి కొత్త ఎర్తింగ్ వేయించాను. ఎండాకాలమంతా రోజూ రెండు బిందెల నీళ్లు పోశాను. వాడకట్టులో అందరికీ నీళ్ల కరువు, గుంతకు మాత్రం అభిషేకం. చివరికి ఊడింది ఆ తీగే.

పాలమూరు వైపు పరిస్థితి ఇంకా ఆందోళనకరం. అక్కడ డక్కలి వాళ్ల కిన్నెర ఉంది. చూస్తే అదీ హాలో బాడీయే. వెదురు కర్ర, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, కర్ర మీద మైనంతో అతికించిన మెట్లు. మెట్టంటే మనం ఫ్రెట్టనేదే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. బుర్ర పగిలితే ఇంకో బుర్ర కడతారు. మెట్టు జరిగితే చెవితో విని సర్ది మైనం అద్దుతారు. ఒరిజినల్ బుర్ర పోయింది, ధర సగం పడిపోయింది అని ఏడ్చేవాళ్లు నాకు కనబడలేదు. పైగా దాన్ని పట్టుకుని పండుగ సాయన్న కథ మొత్తం పాడేస్తారు. వాద్యమంటే వాయించడానికే అన్న అపోహ ఇలాగే ప్రబలుతుంది.

అయినా ఒరిజినల్ విషయంలో అమెరికా వాళ్లకున్న నిష్ఠే వేరు. తీగల ఊపును కరెంటుగా మార్చే భాగం పికప్పు. రెండు కాయిళ్లు, అంటే రాగి తీగ చుట్టలు, పక్కపక్కన ఒకదానికొకటి ఎదురు తిరిగేలా కలిపి ఆ గుయ్‌మనే మోతను ఒకదాంతో ఒకటి కొట్టేయించే హంబకర్ పికప్పును గిబ్సన్‌లో సెత్ లవర్ కనిపెట్టాడు. 1955లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు. వచ్చేలోగా పికప్పు అడుగున 'పేటెంట్‌కు దరఖాస్తు చేయబడింది' అని చిన్న కాగితం అంటించేవాళ్లు. ఇప్పుడు ఆ కాగితమున్న పికప్పుకు లక్షలు. తర్వాత కాగితం మార్చి నంబరు వేశారు. తీరా ఆ నంబరు పికప్పుది కాదు, లెస్ పాల్ అనే గిటారిస్టు పేటెంట్ తీసుకున్న టెయిల్‌పీసుది. మన పాసుపుస్తకంలో పక్కవాడి సర్వే నంబరు పడితే ఏళ్లపాటు ఆఫీసుల చుట్టూ తిరుగుతాం. వాళ్లకు అదీ వింటేజే.

నా హంబకర్‌లో ఒక కాయిల్ పోయింది. మీటరు పెడితే ముల్లు కదల్లేదు. హైదరాబాద్ పోదామనుకున్నాను గానీ, దేవరకొండ రోడ్డులో బోరు మోటర్లకు వైండింగ్ చేసే షాపుంది. కాలిపోయిన సబ్‌మర్సిబుళ్లు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. నేను రుమాల్లోంచి పికప్పు తీసి బల్ల మీద పెట్టాను.

"ఎన్ని హెచ్‌పీ?" అన్నాడాయన తలెత్తకుండా.

వివరంగా చెప్పాను. కింద అయస్కాంతం, పైన ఇనుప తీగ ఊగుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది, అది స్పీకర్‌కు పోతుంది. ఆయన అప్పుడు తలెత్తాడు. "అట్లయితే మోటర్ గాదు సార్. డైనమో. సైకిల్‌కు ఉంటుండె సూడు, గదే." 1831లో ఫారడే చెప్పిందీ అదే. నేను మాత్రం ఆ పేరును వెంటనే ఖండించాను.

42 గేజు రాగి తీగ, వెంట్రుకంత సన్నం. కోఠి నుంచి తెప్పించాడు. ఒక్కో కాయిల్‌కు సుమారు 5000 చుట్లు. చెయ్యి మిషన్ తిప్పుతుంటే రెండుసార్లు తెగింది, రెండుసార్లూ ఆయన తిట్టింది నన్నే. పాతకాలపు హంబకర్లలో చుట్ల లెక్క ఒకదానికొకటి కలవదని, ఆ తేడానే గొప్ప టోన్ అంటారని చెప్పాను. "లెక్క తప్పితే మా దగ్గర మోటర్ వాపస్ తెస్తరు సార్" అన్నాడు. తన మోటరు కోసం కూర్చున్న రైతొకాయన ఇదంతా శ్రద్ధగా విని, "గిది ఎన్ని ఇంచులు పోస్తది?" అని అడిగాడు.

పికప్పు పని చేస్తోంది. పాత గిటారు అమ్మాలంటే చేయించిన ప్రతి పనికీ కాగితం ఉండాలంటారు కాబట్టి బిల్లు అడిగాను. ముందు గిటారు డైనమో అని రాశాడు. ఒప్పుకోలేదు. దాని పేరు హంబకర్, అదే రాయాలని పట్టుబట్టాను. ఆయన కొట్టేసి, నోరు కదుపుతూ ఒక్కో అక్షరం రాసి, చించి చేతికిచ్చాడు. గిటారు పెట్టెలో భద్రంగా ఉంది ఆ కాగితం: 'హంబక్ - 1. రీవైండింగ్. గ్యారంటీ లేదు.'