మాట్లాడని యాంటీవైరస్‌ని నమ్మకండి

ఇంటి కంప్యూటర్‌కి రక్షణ ఎంచుకునేటప్పుడు పాటించవలసిన మొట్టమొదటి నియమం: ఆ రక్షణ అప్పటికే కంప్యూటర్‌లో ఉన్నదై ఉండకూడదు. విండోస్ డిఫెండర్ ఈ నియమం దగ్గరే తప్పింది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి అది పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా సిస్టమ్‌తో పాటే వస్తోంది. వెతకనక్కర్లేదు, కొననక్కర్లేదు, ఆన్ చేయనక్కర్లేదు. ఇంత సులువుగా దొరికినదాన్ని బాధ్యత గల గృహస్థు ఎవరైనా నమ్ముతాడా? పైగా దానికి నోరు లేదు. వారాల తరబడి ఒక్క మాట అనదు. పనిచేస్తోందో కునుకు తీస్తోందో తెలియదు. రాత్రిపూట కాపలావాడు ఈల ఊదేది తాను మేలుకునే ఉన్నానని మనకు తెలియడానికి. ఆ ఈల విని దొంగ కూడా జాగ్రత్తపడతాడన్నది వేరే సంగతి. మనకు మాత్రం హాయిగా నిద్ర పడుతుంది. యాంటీవైరస్ పేరిట మనం డబ్బు పెట్టి కొనుక్కునేది చాలావరకు ఆ ఈలే.

అన్నీ పోల్చి చూసుకోవాలన్న దురలవాటు కొందరికి ఉంటుంది. వాళ్లు జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఉన్న ఏవీ-టెస్ట్ సంస్థ ఫలితాలు తెరుస్తారు. అక్కడ రక్షణకు 6, వేగానికి 6, వాడేవాళ్లని విసిగించనందుకు 6, మొత్తం 18 మార్కులు. డిఫెండర్‌కి చాలాసార్లు పద్దెనిమిదికి పద్దెనిమిదో, దాని దాపుల్లోనో వస్తుంటాయి. పేరున్న మిగతావాటికీ అంతే. అందరికీ ఇంచుమించు ఒకే మార్కులు వస్తే ఇక ఎంపిక చేసేదేముంది? కాబట్టి విజ్ఞులు ఆ పట్టిక మూసేసి 'ఈ ఏటి టాప్ 10 యాంటీవైరస్‌లు' అనే జాబితా తెరవాలి. అందులో ప్రతి పేరు పక్కనా కొనుగోలు లింకు ఉంటుంది. ఆ లింకు నొక్కి కొంటే చాలాసార్లు జాబితా రాసినవారికి కమీషన్ ముడుతుంది. అందువల్ల అక్కడ మొహమాటాలుండవు, మొదటి స్థానం ఎవరిదో ఘంటాపథంగా చెబుతారు.

నూటికి నూరు శాతం రక్షణ అని రాసి ఉన్నదాన్నే కొనండి. నిజానికి ఏ ప్రోగ్రామూ అన్ని వైరస్‌లనీ పొరపాటు లేకుండా పట్టలేదని ఫ్రెడ్ కోహెన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1980లలోనే తర్కబద్ధంగా నిరూపించి పెట్టాడు. ఆ నిరూపణ అట్టపెట్టె మీద పట్టేంత చిన్నది కాదు కాబట్టి కంపెనీలు అచ్చువేయలేదు, అంతే.

ఇక ఇన్‌స్టాల్ చేశాక మంచి సరుకుని గుర్తుపట్టడం తేలిక. స్కాన్ నొక్కగానే గుండ్రని మీటర్ తిరగాలి. ఫైళ్ల పేర్లు కంటికి ఆననంత వేగంగా పరుగెత్తాలి. చివర్లో తెర ఎర్రబడి 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వందల సమస్యలు కనబడ్డాయి' అనాలి. ఆ సమస్యలేమిటని చూడబోతే సగం బ్రౌజర్ కుకీలు (సైట్లు మనల్ని గుర్తుపెట్టుకోవడానికి దాచే చిన్న ఫైళ్లు), మిగతా సగం తాత్కాలిక ఫైళ్లు. అంత లోతుకి వెళ్లకండి. 'ఇప్పుడే సరిచేయండి' అన్న పెద్ద ఆకుపచ్చ బటన్ నొక్కండి, తిన్నగా డబ్బు కట్టే చోటికి చేరతారు. వద్దనుకునేవాళ్లకీ ఒక దారి ఉంచుతారు: మూలన, బూడిదరంగు చిన్న అక్షరాల్లో, 'వద్దు, నా కంప్యూటర్‌ని ప్రమాదంలోనే ఉండనివ్వండి' అని. అది నొక్కడానికి చాలా గుండెధైర్యం కావాలి.

ఈ కళను పరాకాష్ఠకు తీసుకెళ్లినవాళ్లు లేకపోలేదు. విన్‌ఫిక్సర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ లాంటి పేర్లతో, లేని వైరస్‌లను ఉన్నట్టు చూపే దొంగ స్కాన్‌లు పెట్టి పది లక్షల మందికి పైగా వినియోగదారుల దగ్గర డబ్బు గుంజారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో కోర్టుకెళ్లింది. 2012లో కోర్టు 16.3 కోట్ల డాలర్లు కట్టమంది. పాపం, వాళ్లు చేసిన తప్పేమిటంటే వెనకాల అసలు యాంటీవైరస్ పెట్టకపోవడం. అదొక్కటీ పెట్టుకుని ఉంటే కుకీలు చూపించి ఇప్పటికీ బతికేవాళ్లేమో.

ఉచిత యాంటీవైరస్ చాలనుకునే పిసినారుల కోసం ఒక ముక్క. అవాస్ట్ తన వాడుకదారులు ఏ సైట్లు చూస్తున్నారో ఆ సమాచారాన్ని జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకుంది. మిమ్మల్ని గమనించేవాళ్ల నుంచి కాపాడతామని చెబుతూనే అమ్ముకుంది. 2020లో గొడవై జంప్‌షాట్ దుకాణం కట్టేసింది. 2024లో అదే ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్ల భారం వేసింది. డబ్బు కట్టి కొన్నవాళ్లకీ వినోదం తక్కువేం కాలేదు. 2021లో నార్టన్ తన యాంటీవైరస్‌లో ఈథరియం అనే డిజిటల్ నాణేలు తవ్వే సదుపాయం పెట్టింది. ఇష్టమైతేనే ఆన్ చేసుకోవచ్చు. తవ్వినదాంట్లో నూటికి 15 కంపెనీకి. మీ అనుమతి లేకుండా ఎవరో మీ కంప్యూటర్‌లో నాణేలు తవ్వుకుంటే దాన్ని పట్టుకోవడం యాంటీవైరస్ పనుల్లో ఒకటన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఇక 2024 సెప్టెంబర్‌లో అమెరికాలోని కాస్పర్‌స్కీ యాంటీవైరస్ వాడుకదారులు కొందరు పొద్దున్నే లేచి చూస్తే కాస్పర్‌స్కీ లేదు, దాని స్థానంలో అల్ట్రాఏవీ అనే కొత్త ముఖం కూర్చుని ఉంది. అక్కడి ప్రభుత్వం అమ్మకాలు నిషేధించడంతో కంపెనీ తన ఖాతాదారుల్ని ఇంకొకరికి అప్పగించి వెళ్లింది. కంపెనీ ముందే మెయిల్ పంపిందట, మనం చదివితే కదా! అడగకుండా వచ్చి కూర్చునే సాఫ్ట్‌వేర్‌ని మామూలుగా ఏమంటారో యాంటీవైరస్ కంపెనీలకి మనం చెప్పాలా?

ఒకటికి రెండు వేసుకుంటే రెట్టింపు రక్షణ కదా అని అడిగేవారికి నా సంపూర్ణ మద్దతు. మీరు ఫైల్ తెరిచీ తెరవగానే మొదటిది దాన్ని పట్టుకుంటుంది. మొదటిది ఏదో ఫైల్‌ని ముట్టుకుందని రెండోది పట్టుకుంటుంది. అది చూసి మళ్లీ మొదటిది. మీ సినిమా తెరుచుకోదు, కానీ కంప్యూటర్ ఎంత శ్రమపడుతోందో ఫ్యాన్ మోతలో వినొచ్చు. ఈ విషయంలో డిఫెండర్‌కి అసలు పౌరుషం లేదు. ఇంకొకటి ఇన్‌స్టాల్ కాగానే తనంతట తాను తప్పుకుంటుంది, దాని లైసెన్సు తీరిపోతే తిరిగి పనిలోకి దిగుతుంది. ఇలాంటిదాన్ని ఎవరు గౌరవిస్తారు?

యాంటీవైరస్ అంటే ఎలా ఉండాలో 2010 ఏప్రిల్ 21న మెకాఫీ చూపించింది. ఆ రోజు వచ్చిన అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలోని ఎస్‌వీసీహోస్ట్ అనే సిస్టమ్ ఫైల్‌నే వైరస్ అని తేల్చి పక్కన పడేసింది. కంప్యూటర్లు ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగాయి. నెట్‌వర్క్ కూడా పోయింది. బయటి వైరస్ ఏదీ లోపలికి రాలేని స్థితి అది.

ఫైర్‌వాల్, అంటే నెట్‌లో వచ్చీపోయేవాటిని వడకట్టే కాపలా, అందులో కూడా మాటకారినే చూసుకోవాలి. మంచి ఫైర్‌వాల్ రోజంతా మిమ్మల్ని సలహా అడుగుతూ ఉంటుంది. 'ఎస్‌వీసీహోస్ట్ డాట్ ఈఎక్స్‌ఈ 443 పోర్టులో బయటికి వెళ్లాలంటోంది. అనుమతించాలా, నిరాకరించాలా?' కింద ఒక ఐపీ అడ్రస్, ఒక ఎర్ర త్రిభుజం, 'ఈ నిర్ణయాన్ని గుర్తుంచుకో' అన్న గడి. మొదటి రోజు మీరు ఆ పేరు వెతికి, నాలుగు వ్యాసాలు చదివి, గంభీరంగా అనుమతి ఇస్తారు. రెండో రోజు భయపడి నిరాకరిస్తారు, ప్రింటర్ ఆగిపోతుంది. ఆ తర్వాత పెట్టె కనబడగానే వేలు దానంతటదే 'అనుమతించు' మీద పడుతుంది. అసలైన దొంగ ప్రోగ్రామ్ ఏ నెలకో వచ్చి అదే ప్రశ్న వేయించినప్పుడు దానికీ అదే మర్యాద జరుగుతుంది.

విండోస్‌తో వచ్చే ఫైర్‌వాల్ ఇవేవీ అడగదు. పిలవకుండా బయటి నుంచి వచ్చేవాటిని మారుమాట లేకుండా ఆపేస్తుంది. దీనికో చరిత్ర ఉంది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్, అంటే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తాను పాకే పురుగు, వచ్చింది. ఏ మెయిల్ తెరవనక్కర్లేదు, ఏదీ క్లిక్ చేయనక్కర్లేదు, కంప్యూటర్ నెట్‌కి తగిలించి ఉంటే చాలు, సోకేది. విండోస్ ఎక్స్‌పీలో అప్పటికే ఫైర్‌వాల్ ఉంది, కాకపోతే ఆఫ్ చేసి ఉంది. మరుసటి ఏడాది సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ దాన్ని ముందే ఆన్ చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంట్లో రౌటర్ కూడా ఆ పనే చేస్తుంది: లోపలివాళ్లు అడగనిది బయటి నుంచి వస్తే, ఎవరికి ఇవ్వాలో తెలియక పడేస్తుంది. అలాంటి రౌటర్‌కి కొన్ననాటి పాస్‌వర్డే ఉంచడం మనవైపు నుంచి కృతజ్ఞత. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ 60కి పైగా ఇలాంటి ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలు పట్టుకుని లక్షల కెమెరాలు, రౌటర్లలోకి దర్జాగా లాగిన్ అయింది.

ఇన్ని అడ్డంకులున్నా వైరస్ ఎలా వస్తుందయ్యా అంటే, మనం చేయిపట్టి తీసుకురాబట్టి. ఇందులో, డబ్బు కట్టకుండా వాడుకునేలా లైసెన్సు తాళం విరగ్గొట్టిన క్రాక్ సాఫ్ట్‌వేర్‌ది అగ్రతాంబూలం. దానితో వచ్చే రీడ్‌మీ ఫైల్ చదివి చూడండి. మొదటి వాక్యం: నెట్ ఆపండి. రెండోది: యాంటీవైరస్ ఆపండి. మూడోది: అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి. నాలుగోది, అవసరం లేకపోయినా: వైరస్ అని చూపిస్తే కంగారుపడకండి, అది మామూలే. అసలు ఫైల్ పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో ఉంటుంది, డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు స్కానర్ లోపలికి తొంగి చూడలేకుండా. పాస్‌వర్డ్ 1234 అని ఫైల్ పేరులోనే రాసి ఉంటుంది, మనం మాత్రం ఇబ్బంది పడకుండా. ఈ నాలుగు ఆజ్ఞలూ మనం పొల్లుపోకుండా పాటిస్తాం. బ్యాంకు పంపే హెచ్చరిక చదవనివాళ్లు కూడా దీన్ని రెండుసార్లు చదువుతారు. ఆ తర్వాత బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు నిమిషాల్లో ఊరు దాటిపోతాయి. ఈ విద్యలో శిఖరం మాత్రం యాంటీవైరస్‌కే క్రాక్ వేసుకోవడం. దాన్ని ఇన్‌స్టాల్ చేయడానికి ఉన్న యాంటీవైరస్‌ని ఆపాలి.

అప్‌డేట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ 2017 మే 12న విరుచుకుపడింది. అది దూరిన లోపానికి విండోస్ మందు మార్చి 14నే విడుదలైంది. నడుమ దాదాపు రెండు నెలలు 'తర్వాత గుర్తుచేయి' బటన్ నిర్విరామంగా సేవలందించింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయిందని కొందరు బెంగపడుతున్నారు. పొడిగింపు తీసుకోవడమో, కొత్త విండోస్‌కి మారడమో ఎందుకు, దానిమీదే ఖరీదైన యాంటీవైరస్ వేసేసి ధైర్యంగా ఉండొచ్చు.

బ్యాకప్ విషయంలో మాత్రం కంపెనీల పక్షాన నా ఆక్షేపణ నమోదు చేస్తున్నాను. కొందరు ఇంట్లో ఫొటోలు, కాగితాలు ఒక హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, పని కాగానే దాన్ని ఊడబీకి బీరువాలో పెడుతున్నారు. తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దాన్నీ కలిపి తాళం వేసేది. ఆ అవకాశం కూడా ఇవ్వడం లేదు. ఇలాంటి ఇంట్లో తెర ఎర్రబడితే సిస్టమ్ తుడిచేసి, సాయంత్రానికల్లా విండోస్ మళ్లీ వేసుకుని, ఫొటోలు వెనక్కి ఎక్కించుకుంటారు. దాడి చేసినవాడికి పైసా రాదు, డబ్బు కట్టమనే ఆకుపచ్చ బటన్ వైపు ఎవరూ చూడరు. ఇలాంటివాళ్లని భయపెట్టేదెలాగో చెప్పే ప్రీమియం ప్యాకేజీ ఇంతవరకూ మార్కెట్లోకి రాలేదు.