ఎమ్మిగనూరు బళ్లు నిజంగా ఖాళీ అయ్యాయా?

జూన్ వచ్చిందంటే మా ఎమ్మిగనూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. "టౌన్లో సర్కారు ప్రైమరీ బళ్లు సగం ఖాళీ. ఉన్నవాళ్లూ డబ్బుల కోసం పేర్లు రాయించుకున్నవాళ్లే. ఐదో తరగతికొచ్చినా చదవడం రాదు. మూసేసి ఆ జీతాల డబ్బు ప్రైవేటు ఫీజులకు ఇవ్వండి." కింద ఆ బళ్లలో పిల్లల లెక్క: 2021 నాటి సంఖ్య, తర్వాతి సంఖ్య.

'సగం ఖాళీ' సంగతి ముందు చూద్దాం. ఆ రెండు సంఖ్యల నడుమ 117 జీవో ఉంది. 2022 జూన్‌లో వచ్చిన ఆ జీవోతో, దగ్గర్లో హైస్కూలున్న ప్రైమరీ బళ్ల నుంచి 3, 4, 5 తరగతులను అక్కడికి తరలించారు. ఐదు తరగతుల రిజిస్టరులో రెండే మిగిలితే సంఖ్య పడిపోక ఏం చేస్తుంది? పిల్లలు అదే వీధి చివర హైస్కూల్లో కూర్చున్నారు. 2025లో ఆ జీవో రద్దయి బళ్లను మళ్లీ సర్దారు, కాబట్టి ఇప్పటి సంఖ్యనూ పాతదాని పక్కన పెట్టలేం. పైగా ప్రైవేటు లెక్కలో నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ కలిసే ఉంటాయి. సర్కారు పక్క ఆ ఈడు పిల్లలు అంగన్‌వాడీ లెక్కలోకి పోతారు. ప్రైవేటుకు పోయేవాళ్లు లేరని నేననను. లెక్క మాత్రం ఒకటి నుంచి ఐదు దాకా, టౌను మొత్తానికి, హైస్కూళ్లతో కలిపి కట్టండి.

డబ్బుల మాట ఒక్క ముక్కలో తేలిపోతుంది. అప్పటి అమ్మఒడైనా, ఇప్పటి తల్లికి వందనమైనా ప్రైవేటు పిల్లల తల్లులకూ పడుతుంది. దానికోసం సర్కారు బడికి రావాల్సిన పనేముంది?

చదవడం రాదన్నదాంట్లో నిజముంది, దాచను. సాక్ష్యంగా చూపే అసర్ నివేదిక (పిల్లల చదవడం, లెక్కలు పరీక్షించే సర్వే) మాత్రం పల్లెల్లో ఇంటింటికీ తిరిగి రాసేది, టౌన్లు అందులో ఉండవు. చదవడం రాకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి. మొదటిది టీచర్లు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, అంటే ఐదు తరగతులకు ఇద్దరే. బోర్డు మధ్య సుద్దముక్కతో నిలువుగీత గీసి, ఎడమపక్క మూడో తరగతికి తీసివేతలు, కుడిపక్క ఒకటో తరగతికి అఆలు రాస్తారు అయ్యవారు. ఇటు తిరిగితే అటు గోల.

రెండోది సుగ్గి, అంటే కోత పనులకు వలస పోవడం. మిరప కోతలకు గుంటూరు పక్కకు పోయే ఇళ్ల పిల్లల వరసలు రిజిస్టర్లో చూడండి, సంక్రాంతి దాటాక ఆబ్సెంట్లే. తీసివేతల దగ్గర వదిలేసి పోయిన పిల్లోడు తిరిగొచ్చి భాగహారాల ముందు కూర్చుంటాడు. సీజనల్ హాస్టళ్లు పెట్టింది ఇందుకే. అవి తెరవడం ఆలస్యమైతే పిల్లలు అమ్మానాయనల వెంటే బండెక్కుతారు.

ఇక ప్రైవేటు ఫీజులు. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటులో 25 శాతం సీట్లు పేదలకు ఇప్పటికే ఉన్నాయి, ఒకటో తరగతిలో చేరేవాళ్లకు. నాలుగో తరగతి పిల్ల బడి మూసేస్తే ఆ పిల్లకు అందులో దారి లేదు. సీటొచ్చినవాళ్లకైనా మధ్యాహ్నం అన్నం ఇంటి నుంచే. తెల్లారకముందే పత్తి చేనుకు పోయే తల్లి ఆ క్యారియరు ఎప్పుడు కడుతుందో మెసేజ్ రాసినాయన చెప్పలేదు.